82వ ఎయిర్‌బోర్న్ జంప్ జాకెట్ (ఎమ్42): కాలరు నంబరు నుంచి అసలు మనిషి దాకా ఎలా వెళ్లాలి?

#1 అట్లాంటా_వేణు

అందరికీ నమస్కారం. ఎస్టేట్ సేల్‌లో (పోయినవాళ్ల ఇంటి సామాను అమ్మకంలో) వచ్చిన, రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ పారాట్రూపర్ (పారాచూట్‌తో దూకే సైనికుడి) జాకెట్ ఇది. ఫొటో పెట్టాను. అసలు ఎవరు తొడుక్కున్నారో తేల్చాలి.

నాలుగు ఏటవాలు ఉబ్బు జేబులు, ఒక్కో మూతకు రెండేసి టిచ్ బటన్లు. ముందు జిప్పు, నడుముకు అదే గుడ్డ బెల్టు, మెడ దగ్గర నిలువుగా రెండు జిప్పుల చిన్న జేబు. రెండు మోచేతులకూ ముదురు ఆకుపచ్చ కాన్వాస్ మాసికలు. లేబులు సగం చిరిగింది, ఫిలడెల్ఫియా అన్న మాట, సైజు 38ఆర్ (ఛాతీ 38 అంగుళాలు, మామూలు పొడవు) మాత్రం మిగిలాయి. ఎడమ భుజం మీద రంగు వెలవని చతురస్రం, దాని మీద వంపు పట్టీ ఆనవాలు, చుట్టూ సూది రంధ్రాలు. రెండు చేతుల మీదా మూడేసి వంపు చారల ఆనవాళ్లున్నాయి.

కాలరు లోపల నల్ల సిరాతో 1689-ఎమ్ అని ముద్ర ఉంది. కింది జేబు మూత లోపల ఇంకో ముద్ర ఉంది కానీ పూర్తిగా వెలిసింది. ఎమ్‌తో మొదలయ్యే ఇంటిపేరు, ఆర్మీ సీరియల్ నంబరు చివర 1689 అని అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ ఎన్‌లిస్ట్‌మెంట్ (సైన్యంలో చేరినవాళ్ల) జాబితాలో వెతికితే చాలామంది వస్తున్నారు. వాళ్లలో ఒక్కరికీ పారాట్రూపర్లతో లంకె కనపడటం లేదు. ఎటు వెళ్లాలి?

#2 పాతబట్టల_పంతులు

వేణు గారూ, మనిషి సంగతి తర్వాత, ముందు జాకెట్ సంగతి చూడండి. ఎమ్42 కోటు, అందులోనూ మోచేతులకు మాసికలు ఉన్నది, నకిలీలు తయారు చేసేవాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైన సరుకు. మాసికల్లేని అసలు కోటు కొని, వాటిని కుట్టి, మూడు నాలుగింతలకు అమ్మేవాళ్లున్నారు.

మాసికలు ఎందుకు ముఖ్యం అంటే, ఎమ్42 గుడ్డ పలచన. సిసిలీలో, ఇటలీలో మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర, జేబు మూలల దగ్గర చిరిగిపోయింది. అందుకే ఫ్రాన్స్‌లోని నార్మండీలో దూకడానికి ముందు ఇంగ్లండ్‌లో పారాచూట్ మడిచే రిగ్గర్లే కాన్వాస్ వేసి కుట్టారు. 1944 సెప్టెంబరులో హాలండ్‌లో దూకేనాటికి 82, 101 ఎయిర్‌బోర్న్ డివిజన్లు రెండిటికీ ఎమ్43 అనే కొత్త రకం జాకెట్ వచ్చేసింది. అంటే మాసిక అసలైనదైతే మీ వెతుకులాట 1944 మొదటి ఆర్నెల్లకు కుదించుకుపోతుంది.

జిప్పు లాగే పిడి మీద పేరు చూడండి. టాలన్, కాన్‌మార్, క్రౌన్ ఆనాటివే. అయితే పాత జిప్పులు విడిగా దొరుకుతాయి కాబట్టి జిప్పుకు రెండు వైపులా ఉన్న కుట్టు ఎప్పుడైనా విప్పి మళ్లీ వేశారా అన్నది అంతకన్నా ముఖ్యం. విప్పితే పాత సూది రంధ్రాలు కొత్త కుట్టు పక్కన వరసగా కనపడతాయి.

ఇంకోటి. నార్మండీకి ముందు విషవాయువుల భయంతో బట్టలకు రసాయనం పట్టించారు. అలాంటి కోటు ఇప్పటికీ బిరుసుగా, జిడ్డు తాకినట్టు ఉండొచ్చు. తర్వాత ఉతికి ఉంటే పోతుంది, కాబట్టి లేకపోవడం దేనికీ రుజువు కాదు.

#3 నీలిదారం

మాసిక ఎప్పుడు పడిందో దాని కింద ఉన్న గుడ్డ చెబుతుంది. కుట్టు విప్పొద్దు. మాసిక అంచు ఎక్కడైనా లేచి ఉంటే సన్నటి టార్చి వేసి, భూతద్దంతో సందులోకి చూడండి. 1944లోనే కుట్టి, ఆ తర్వాత వాడి, ఎండకు వేసి ఉంటే కింద గుడ్డ పక్క గుడ్డకన్నా ముదురుగా, నూగు చెదరకుండా ఉంటుంది. నిన్నా మొన్నా కుట్టిందైతే కింద కూడా పైలాగే వెలిసి, అరిగి, మడతల గీతలు మాసిక కింద నుంచి అవతలికి సాగిపోతూ కనపడతాయి. గీత మాసిక అంచు దగ్గర ఆగిపోతోందా, కిందకు దూరుతోందా? నేను మొదట చూసేది ఇదే.

తర్వాత చేతిని తిరగేయండి. ఎమ్42కు అస్తరు లేదు కనుక కుట్టు వెనక వైపు బాహాటంగా కనిపిస్తుంది. దారం గుడ్డలో కూరుకుపోయి, కుట్టు వెంబడి సన్నటి గాడి పడి ఉండాలి. దారం పైపైన తేలుతూ, లాగితే కదులుతుంటే అనుమానించండి.

భుజం మీద చతురస్రం కొలతలు చెప్పండి. పైన వంపు పట్టీ ఆనవాలు దానికి ఆనుకుని ఉందా, మధ్యలో ఖాళీ ఉందా? ఊడదీసిన డివిజను గుర్తు చతురస్రమైతే 82వ ఎయిర్‌బోర్న్. డాలు ఆకారమైతే 101వది. రెండింటికీ పైన వంపు పట్టీ ఉంటుంది, కాబట్టి పట్టీని చూసి డివిజను చెప్పొద్దు.

#4 ఓరుగల్లు_రవి

వేణన్నా, నీ ఫొటో సూసిన. ముద్రను తలకిందుల సదువుతున్నవ్.

అమెరికన్ ఆర్మీ లాండ్రీ ముద్రల అక్షరం ముందుంటది, అంకెలు ఎన్కుంటయ్. నీ దాంట్ల అక్షరం చివరకున్నది. కాలరు ఏ దిక్కు మడిచి ముద్ర కొట్టిండ్రో ఎవరికెర్క? ఫొటోను సగం చుట్టు తిప్పు. 1 అట్లనే ఉంటది, 6 పోయి 9 అయితది, 8 అట్లనే, 9 పోయి 6 అయితది, ఎమ్ పోయి డబ్ల్యు అయితది. అంటే డబ్ల్యు-6891. అక్షరం కాళ్లు జర చూడు. ఎమ్ అయితే పక్క కాళ్లు నిటారుగ ఉంటయ్, డబ్ల్యు అయితే బయటికి వాలి ఉంటయ్. నీ ఫొటోల వాలినట్టే కనవడుతున్నది.

జేబు మూత లోపలి ముద్రకు ఇట్ల జెయ్. నీళ్లు, స్పిరిట్ ఏదీ తగలనియ్యొద్దు, ఉన్న సిరా కూడ పోతది. మొదలు టార్చిని గుడ్డకు ఆనిచ్చినట్టు పక్క నుంచి కొట్టు. ముద్ర గట్టిగ ఒత్తి ఉంటే నేత అణిగిన గుర్తు తెలుస్తది. తర్వాత చీకటి గదిల 365 నానోమీటర్ల యూవీ టార్చి. చవకగ దొరికే 395 కొనకు, దాని ఊదా వెలుగే అన్నిటి మీద పడి ఏం కనవడదు. యూవీల సిరా మెరువకపోవచ్చు, కని సిరా ఉన్న చోట గుడ్డ నల్లగ కనవడే అవకాశం ఉన్నది.

అన్నిటికన్న మంచిది ఇన్‌ఫ్రారెడ్. లోపలి ఫిల్టరు తీపిచ్చిన పాత డిజిటల్ కెమెరా అయినా సరే, రాత్రి చూసే సెక్యూరిటీ కెమెరా అయినా సరే. బొగ్గు మసి కలిసిన సిరా ఇన్‌ఫ్రారెడ్‌ల కూడ నల్లగనే ఉంటది, ఖాకీ రంగు తెల్లవడుతది, ముద్ర తేలుతది. రంగు సిరా అయితే ఉల్టా మాయమైతది, గప్పుడు మామూలు ఫొటోనే దిక్కు. దాన్ని రాతిచిత్రాల కోసం చేసిన డీస్ట్రెచ్ సాఫ్ట్‌వేర్‌ల పెట్టి రంగులు సాగదీయాలె. ఫొటో జేపెగ్‌ల కాకుండ రా ఫార్మాట్‌ల తియ్, ప్రతి ఫొటోల స్కేలు పెట్టు.

#5 అట్లాంటా_వేణు

రవి గారూ, తిప్పి చూస్తే స్పష్టంగా డబ్ల్యు-6891. కాళ్లు బయటికే వాలి ఉన్నాయి.

భుజం చతురస్రం వైపుకు సుమారు 57 మిల్లీమీటర్లు, వంపు పట్టీ దాని పై అంచుకు ఆనుకునే ఉంది. మాసిక కింద గుడ్డ ముదురుగా ఉంది, మడత గీతలు అంచు దగ్గరే ఆగిపోయాయి. జిప్పు పిడి మీద కాన్‌మార్. ఇన్‌ఫ్రారెడ్ ఫొటో ఇంకా తీయాలి.

#6 ఆర్కైవ్_అరుణ

ఇక కాగితాల్లోకి వెళ్దాం. ముద్ర విధానం ఆర్మీ నిబంధనల ప్రకారమే: ఇంటిపేరు మొదటి అక్షరం, సీరియల్ నంబరులో చివరి నాలుగంకెలు. మన ఇళ్లలో బట్టల అంచున ధోబీ పెట్టే గుర్తు చేసే పనే ఇదీ చేస్తుంది, కుప్పలోంచి ఎవరి బట్ట వాళ్లకు చేర్చడం. ప్రపంచంలో ఒక్కడినే పట్టివ్వడానికి పుట్టింది కాదు. కంపెనీలో వందా నూటయాభై మంది మధ్య తేడా తెలిస్తే చాలనుకున్నారు.

అందుకే లెక్క ముందే వేసుకోండి. ఎన్‌లిస్ట్‌మెంట్ జాబితాలో దాదాపు 90 లక్షల రికార్డులున్నాయి. చివరి నాలుగంకెలు కలిసేవాళ్లు సుమారు 900 మంది. డబ్ల్యు ఇంటిపేర్లు అమెరికాలో నూటికి ఆరేడు. అంటే యాభై, అరవై మంది వస్తారు. అదే ఎస్ అయితే ఇంకా ఎక్కువ, క్యూ అయితే ఒకరో ఇద్దరో. ఇంతకు తక్కువ వస్తే మీ వెతుకులాటలో లోపం ఉందని అనుమానించాలి.

ఆ జాబితా పంచ్‌కార్డుల మైక్రోఫిల్మును యంత్రంతో చదివించి తయారుచేసింది. కొన్ని రీళ్లు చదవడానికే రాలేదు, కొన్నిటిలో అంకెలు తప్పు పడ్డాయి, ఇంటిపేర్లలో అక్షరాలు తారుమారయ్యాయి. ఆఫీసర్లు అందులో ఉండరు, వాళ్ల నంబరు ఓ అక్షరంతో మొదలవుతుంది. కాబట్టి ఆ జాబితాలో లేడు అంటే మనిషే లేడని కాదు. చివరి నాలుగంకెలతో వెతకాలంటే తెలియని అంకెల చోట ఏ గుర్తు వాడాలో ఆ సైటు సహాయ పేజీలో ఉంది, అది చదివే మొదలుపెట్టండి.

వచ్చిన వాళ్ల పూర్తి నంబరు చూస్తే చాలా తెలుస్తుంది. మొదటి అంకె 1 అయితే తనంత తాను చేరినవాడు, 3 అయితే నిర్బంధ సైనిక సేవలో తీసుకున్నవాడు. 20తో మొదలైతే నేషనల్ గార్డ్ (రాష్ట్రాల దళం). 6, 7తో మొదలయ్యే ఏడంకెల నంబర్లు యుద్ధానికి ముందు నుంచీ ఉన్న రెగ్యులర్లవి. 1, 3ల తర్వాతి అంకె ప్రాంతం: 1 న్యూ ఇంగ్లండ్, 2 న్యూయార్క్, న్యూజెర్సీ, 3 పెన్సిల్వేనియా చుట్టుపక్కల, 4 ఆగ్నేయ రాష్ట్రాలు, 5 ఒహాయో, ఇండియానా, కెంటకీ, 6 ఇల్లినాయ్, మిషిగన్, అలా 9 పశ్చిమ తీరం దాకా. ఇది సైన్యంలో చేరిన చోటు, పుట్టిన ఊరు కాదు.

ఎత్తు, బరువు గళ్లను నమ్మకండి. కొంతకాలం ఆ గళ్లలో వేరే సమాచారం కొట్టారు. మనిషి ఎత్తు 15 అంగుళాలని కనపడితే అదే సంగతి.

#7 అట్లాంటా_వేణు

అరుణ గారూ, 53 పేర్లు వచ్చాయి. వీళ్లలో పారాట్రూపర్ ఎవరో ఈ జాబితా చెప్పట్లేదు. ఒక్కొక్కరి సర్వీసు ఫైలు తెప్పించుకోవాలా?

#8 ఆర్కైవ్_అరుణ

వద్దు, డబ్బు దండగ. 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్‌లో అగ్నిప్రమాదం జరిగింది. 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 లోపు ఆర్మీ నుంచి వెళ్లినవాళ్ల ఫైళ్లలో 80 శాతం పోయాయి. ఫైలు మీద ఆధారపడి మొదలుపెట్టడం తలకిందుల పద్ధతి. యూనిట్ వైపు నుంచి రండి.

కంపెనీల నెలవారీ రోస్టర్లు (సైనికుల పేర్ల పట్టికలు) 1912 నుంచి 1943 డిసెంబరు వరకు ఉన్నాయి, ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర సైటులో ఉచితంగా చూడొచ్చు. 1944 నుంచి 46 దాకా రోస్టర్లు నాశనం చేసేశారు. అయినా మీకు కావలసింది 1943 డిసెంబరుదే. నార్మండీలో దూకిన వాళ్లలో ఎక్కువమంది అప్పటికే యూనిట్‌లో ఉన్నారు.

ఏ యూనిట్లు? చతురస్రం 82 అంది, మాసికలు ఇంగ్లండ్ 1944 అన్నాయి. ఆ డివిజనుతో నార్మండీలో దూకిన పారాచూట్ రెజిమెంట్లు 505, 507, 508. 504వది ఇటలీలోని ఆంజియో నుంచి ఆలస్యంగా వచ్చింది కనుక రెజిమెంటుగా దూకలేదు, దాన్ని చివరికి ఉంచండి. ఒక్కో రెజిమెంటుకు ఏ నుంచి ఐ దాకా తొమ్మిది రైఫిల్ కంపెనీలు, మూడు బెటాలియన్ హెడ్‌క్వార్టర్స్ కంపెనీలు, ఒక రెజిమెంటల్ హెడ్‌క్వార్టర్స్ కంపెనీ, ఒక సర్వీస్ కంపెనీ. మొత్తం 14. మూడు రెజిమెంట్లకు 42 రోస్టర్లు, ఇవి కాక వైద్య విభాగాలు. సాధారణంగా హోదా వారీగా రాసి, ఒక్కో హోదాలో అక్షరక్రమం పాటించారు. కాబట్టి ప్రతి హోదా చివరా డబ్ల్యుల దగ్గర ఆగి, నంబరు 6891తో ముగుస్తోందా అని చూడటమే. సూచీల్లో వెతికి ఊరుకోకుండా పేజీలు కళ్లతో చూడండి. టైపు మసకబారిన చోట సూచీ తయారుచేసిన యంత్రం 6ను 5గా, 8ను 3గా చదివి ఉంటుంది.

507, 508 రెజిమెంట్లను 1943 డిసెంబరు పేజీల్లో 82వ డివిజను కింద వెతికితే దొరకవు. వాటిని 1944లోనే ఈ డివిజనుకు జోడించారు. రెజిమెంటు పేరుతోనే వెతకాలి.

#9 విజయవాడ_బుల్లోడు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మన ఇండియన్ పారాచూట్ బ్రిగేడ్ వాళ్ల స్మాక్ (పైన తొడిగే వదులు కోటు) దొరికితే కూడా ఇదే పద్ధతా?

#10 పాతబట్టల_పంతులు

కాదు బాబూ. 50వ ఇండియన్ పారాచూట్ బ్రిగేడ్ 1941 అక్టోబరులో పుట్టింది. 151 బ్రిటిష్, 152 ఇండియన్, 153 గూర్ఖా బెటాలియన్లు. 1944 మార్చిలో మణిపూర్‌లో సంగ్‌షాక్ దగ్గర నేల మీదే పోరాడింది. 1945 మే 1న రంగూన్ దగ్గర ఎలిఫెంట్ పాయింట్‌లో దూకింది గూర్ఖా బెటాలియను. అమెరికా వాళ్లలా ఊరూ పేరుతో ఇంటర్నెట్‌లో వెతికే చేరికల జాబితా మన సైనికులకు లేదు. చనిపోయినవాళ్లకైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటు ఉచితం. భారతీయ సైనికుల దగ్గర చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా రాసి ఉంటుంది. బర్మాలో సమాధి దొరకనివాళ్ల పేర్లు టౌక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్ మీద ఉన్నాయి. దీనికి వేరే చర్చ తెరిస్తే మంచిది.

#11 అట్లాంటా_వేణు

42 రోస్టర్లూ చూశాను. ఇద్దరు దొరికారు. ఒకరు 505లో రైఫిల్ కంపెనీ, నంబరు 34తో మొదలు, 1943 డిసెంబరులో ప్రైవేట్ ఫస్ట్ క్లాస్ (సార్జెంట్‌కన్నా చిన్న హోదా). ఇంకొకరు 508లో, నంబరు 13తో మొదలు, అప్పటికే సార్జెంట్. ఇద్దరి పేర్లూ ఇక్కడ పెట్టడం లేదు.

రవి గారు చెప్పినట్టు ఇన్‌ఫ్రారెడ్‌లో జేబు మూత తీశాను. అక్కడున్నది డబ్ల్యు కాదు. టి అక్షరం, 40 తర్వాత రెండంకెలు తెలియట్లేదు, మొత్తం మీద అడ్డంగా ఒక గీత కొట్టేసి ఉంది.

#12 ఓరుగల్లు_రవి

గీత కొట్టినరంటే టి మొదటోడు, డబ్ల్యు తర్వాతోడు. గీత సిరా, కాలరు ముద్ర సిరా ఇన్‌ఫ్రారెడ్‌ల ఒక్క తీరుగనే నల్లగ ఉన్నయా? రెండూ ఒకే ఫొటోల వచ్చేటట్టు జేబు మూతను కాలరు దగ్గరికి మలిచి తీసిపెట్టు. ఒక్క తీరు ఉంటే గీత కొట్టినోడే ముద్ర కూడ ఏసిండని అనుకోవచ్చు, గంతే, పక్కాగ జెప్పలేం.

#13 పాతబట్టల_పంతులు

ఇది మామూలే. వదిలేసిన బట్టలు పోగుచేసి, ఉతికించి, బాగు చేసి మళ్లీ ఇచ్చేవాళ్లు. ఆసుపత్రికి వెళ్లినవాడి కోటు, వేరే చోటికి బదిలీ అయినవాడి కోటు ఇలా చేతులు మారతాయి. అందుకే ఒకే కోటు మీద మూడు ముద్రలున్నా ఆశ్చర్యపోవద్దు. అమ్మేవాళ్లకు మాత్రం కథ బాగుండే పేరు ఒక్కటే కనపడుతుంది, అది వేరే సంగతి.

మీ దగ్గర తేలాల్సినవి రెండు: భుజం చతురస్రం, సార్జెంట్ చారలు ఎవరి కాలంనాటివి? చారల రంధ్రాలు ఒకే వరసా, రెండు వరసలా? ముందు చిన్న హోదా చారలు కుట్టి, తీసి, పెద్దవి కుట్టి ఉంటే రెండు వరసలు పడతాయి. ఇంకో మెలిక ఉంది. మూడు చారలు సార్జెంట్‌కే కాదు, టెక్నీషియన్ నాలుగో గ్రేడుకూ ఉంటాయి. వాళ్ల టి అక్షరం చారల గుడ్డ మీదే కుట్టుపని చేసి ఉంటుంది కాబట్టి కోటు మీద విడిగా ఆనవాలు పడదు. రోస్టరులో ఎస్‌జీటీ (సార్జెంట్) ఉందా, టెక్ (టెక్నీషియన్) ఉందా చూసుకోండి.

#14 అట్లాంటా_వేణు

చారల చుట్టూ ఒకే వరస రంధ్రాలు, చేతి కుట్టు. రోస్టరులో 508 మనిషి హోదా ఎస్‌జీటీ. కొట్టివేత గీత, కాలరు ముద్ర ఒకే నలుపు.

అయితే 508 మనిషే అనుకోవచ్చా?

#15 ఆర్కైవ్_అరుణ

మొగ్గు అటే ఉంది, తేలలేదు. 505 మనిషి 1944 వసంతంలో సార్జెంట్ అయి ఉంటే? కొత్తగా చేతికొచ్చిన కోటు మీద నేరుగా సార్జెంట్ చారలే కుడితే ఒకే వరస రంధ్రాలు పడతాయి కదా. 1944 జనవరి తర్వాత ఖాళీలు నింపడానికి వచ్చిన భర్తీ సైనికుల్లో ఇంకో డబ్ల్యు-6891 ఉంటే? రోస్టర్లు వీటికి జవాబు చెప్పవు. మార్నింగ్ రిపోర్టులు చెబుతాయి.

మార్నింగ్ రిపోర్టు అంటే కంపెనీ గుమస్తా రోజూ రాసిన కాగితం. ఉన్నవాళ్లందరి పేర్లూ ఉండవు, మార్పు జరిగినవాళ్లవే ఉంటాయి: వచ్చాడు, వెళ్లాడు, ఆసుపత్రి, హోదా పెరిగింది, గల్లంతు, మరణం. పేరు, సీరియల్ నంబరు, హోదా ఉంటాయి. ఇద్దరి కంపెనీలకూ 1944 జనవరి నుంచి జులై దాకా కావాలి. జూన్ 6 తర్వాత రోజులవి గందరగోళంగా ఉంటాయి. చెల్లాచెదురుగా దిగారు కనుక గల్లంతని రాసినవాళ్లు రెండు వారాలకు తిరిగొచ్చారని రాసి ఉంటుంది. ఒక్క రోజు కాగితం చూసి తీర్పు చెప్పొద్దు. డివిజను జులై మధ్యకు ఇంగ్లండ్ చేరింది, అక్కడిదాకా చదవండి.

ఇంతలో ఖర్చు లేని పరీక్షలు చేసుకోండి. ఒకటి, వీళ్లలో ఎవరైనా చనిపోయారా? 1946లో జిల్లా వారీగా అచ్చువేసిన ఆర్మీ మృతుల జాబితాలో సీరియల్ నంబర్లు ఉన్నాయి. విదేశాల్లో సమాధి ఉంటే అమెరికన్ బ్యాటిల్ మాన్యుమెంట్స్ కమిషన్ సైటులోనూ నంబరు ఉంటుంది. మృతులకైతే మరణించిన సైనికుడి వ్యక్తిగత ఫైలు విడిగా ఉంది, 1973 మంటల్లో పోలేదు. అందులో ఇంటికి పంపిన వస్తువుల చిట్టా ఉంటుంది. కోటు ప్రభుత్వానిది కాబట్టి ఆ చిట్టాలో సాధారణంగా కనపడదు. రెండు, గాయపడ్డారా? ఆసుపత్రి అడ్మిషన్ కార్డుల డేటాలో పేరు లేకపోయినా సీరియల్ నంబరు ఉంటుంది. చేతికో, ఛాతీకో గాయమైతే వైద్యులు బట్టలు కత్తిరించేస్తారు. చేతులు రెండూ నిండుగా ఉన్న కోటుకు ఆ నెల ఛాతీ గాయమైన మనిషి పొసగడు.

మూడు, డ్రాఫ్ట్ కార్డు (నిర్బంధ సైనిక సేవ నమోదు కార్డు). వెనక వైపు ఎత్తు, బరువు ఉంటాయి, 38ఆర్‌తో పోల్చండి. ఆరడుగుల రెండంగుళాల మనిషి 38ఆర్ తొడగడు. కానీ నంబరు 13తో మొదలైన మనిషి నమోదు వయసు రాకముందే తనంత తాను చేరి ఉంటే కార్డే ఉండకపోవచ్చు. అప్పుడు 1940, 1950 జనాభా లెక్కల్లో కుటుంబాన్ని పట్టుకోవాలి.

#16 నీలిదారం

వేణు గారూ, ఎస్టేట్ సేల్ ఇంటి యజమాని ఇంటిపేరు డబ్ల్యుతో మొదలవకపోయినా కొట్టేయకండి. కోటు కూతురికో, చెల్లెలికో వెళ్లి ఉండొచ్చు. ఆ ఇంటావిడ మరణ ప్రకటనలో పుట్టింటి పేరు చూడండి. అక్కడ డబ్ల్యు పేరు తగిలితే అది ముద్రతో సంబంధం లేకుండా వచ్చిన రెండో సాక్ష్యం, అలాంటిదే కావాలి.

#17 మోడరేటర్

చిన్న మనవి. ఆ కాలపు ఆర్మీ సీరియల్ నంబరు సోషల్ సెక్యూరిటీ నంబరు కాదు. ఆర్మీ 1969 జులై నుంచే దానికి మారింది. కాబట్టి పాత నంబరు చర్చించడంలో ఇబ్బంది లేదు. బతికున్న బంధువుల పేర్లు, చిరునామాలు, ఎస్టేట్ సేల్ జరిగిన ఇంటి ఫొటో మాత్రం ఇక్కడ పెట్టొద్దు. కుటుంబానికి రాయాలంటే ఉత్తరం రాయండి. మొదటి ఉత్తరంలోనే కోటు మీదే అని చెప్పేయకండి. ముద్ర, రెజిమెంటు ఏమిటో చెప్పి, ఆయన ఏ కంపెనీలో ఉండేవారో అడగండి. జవాబు మీ పేరు నుంచి కాకుండా వాళ్ల జ్ఞాపకం నుంచి, కాగితాల నుంచి రావాలి.

#18 అట్లాంటా_వేణు

మృతుల జాబితాలో ఇద్దరూ లేరు. 505 మనిషి డ్రాఫ్ట్ కార్డులో ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం, బరువు 190 పౌన్లు. 508 మనిషి కార్డు దొరకలేదు. ఇంటావిడ పుట్టింటి పేరు డబ్ల్యుతోనే మొదలవుతోంది, కానీ 508 మనిషి ఇంటిపేరు కాదు.

#19 ఆర్కైవ్_అరుణ

ఆ ఇంటిపేరు మీ 53 మందిలో ఉందా చూడండి. ఉంటే, రోస్టర్లలో లేని భర్తీ సైనికుడు కావచ్చు, ఆట మళ్లీ మొదటికొస్తుంది. లేకపోతే, ఆ రీలు చదవడానికి రానిదై ఉండొచ్చు. రెండు సందర్భాల్లోనూ మార్నింగ్ రిపోర్టులే దిక్కు.

సెయింట్ లూయిస్‌కు అభ్యర్థన పంపేటప్పుడు మూడో పేరు కూడా చేర్చండి. సైన్యం వదిలి 62 ఏళ్లు దాటిన ఫైళ్లు ఎవరైనా అడగొచ్చు, బంధువే కానక్కర్లేదు. ఫైలు అయిదు పేజీలు లేదా అంతకు తక్కువైతే 25 డాలర్లు, ఆరు లేదా ఆపైన అయితే 70. పూర్తి పేరు, సీరియల్ నంబరు, పుట్టిన తేదీ, చేరిన ఊరు రాయండి. ఫైలు కాలిపోయి ఉంటే చివరి జీతం వోచరు ఇవ్వమని స్పష్టంగా అడగండి. అది వేరేచోట ఉండటంతో మిగిలింది, అందులో చివరి యూనిటు, వదిలిన తేదీ, ఇంటి చిరునామా ఉంటాయి. సీరియల్ నంబరు లేకుండా వోచరు దొరకదు.

అంతవరకు కోటుతో ఉంచే కాగితం మీద ఇలా రాయండి: ముద్ర డబ్ల్యు-6891, అంతకుముందు ముద్ర టి-40 కొట్టివేత, డివిజను ఆనవాలు 82, మాసికలు 1944 ఇంగ్లండ్ రకం, ఒక సార్జెంట్‌కు బలమైన అవకాశం. పేరు రాయొద్దు. ఒకసారి పేరు రాస్తే తర్వాత కొనేవాడు దాన్ని నిజమనే నమ్ముతాడు. నంబరు మాత్రమే రాస్తే మళ్లీ వెతుకుతాడు.

#20 అట్లాంటా_వేణు

ఆ ఇంటిపేరు 53 మందిలో ఉంది. నంబరు 35తో మొదలు, ఇండియానాలో చేరిక, 1943 మార్చి. మూడు పేర్లతో అభ్యర్థన పంపాను. 505, 508లలో ఆ రెండు కంపెనీల మార్నింగ్ రిపోర్టులు 1944 జనవరి నుంచి జులై దాకా అడిగాను. మూడో మనిషికి కంపెనీ తెలియదు కనుక వోచరు మాత్రమే అడిగాను. కాపీలు వచ్చాక ఇదే చర్చలో పెడతాను.